బీరులోకి పాషాణం ఏ దారిన వచ్చింది?

1900 వేసవి నుంచి ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లోనూ, దాని పక్కనే ఉన్న సాల్‌ఫర్డ్‌లోనూ బీదల ఆసుపత్రులకు ఒకే రకం రోగులు రావడం మొదలైంది. అరికాళ్లలో మంటలు, తిమ్మిర్లు. అడుగు నేల మీద మోపలేరు. చేతుల్లో పట్టు సడలింది. కొందరికి ఒళ్లు నల్లబడింది, కొందరికి కాళ్లు వాచి గుండె బలహీనపడింది. వైద్యులు రాసిన జబ్బు పేరు మాత్రం అందరికీ ఒకటే: తాగుడు వల్ల వచ్చిన నరాల వాపు. నవంబరులో ఆ పేరు తప్పని తేలింది. విచారణ కమిషన్ పని ముగించేసరికి లెక్కకెక్కిన బాధితులు కనీసం 6,000 మంది, మృతులు 70 మంది.

ఆహార కల్తీ చరిత్ర రాసేవాళ్లు ఈ ఉదంతాన్ని ఒక పేరాలో ముగిస్తారు. బీరులో ఆర్సెనిక్, అంటే పాషాణం, పడింది, జనం చచ్చిపోయారు, చట్టం బిగిసింది. ఆ పేరా చదివినవారికి ఎవరో పనిగట్టుకుని కల్తీ చేశారనిపిస్తుంది. అప్పటి వైద్య పత్రికల వ్యాసాలను, 1901లోనూ 1903లోనూ వెలువడిన కమిషన్ నివేదికలను, 1904 నాటి ఒక కోర్టు తీర్పును పక్కపక్కన పెట్టుకుని తేదీలు సరిచూస్తే ఆ అభిప్రాయం నిలవదు. కలిపినవాడు ఎవడూ కనబడడు. వచ్చిన దారి మాత్రం కనబడుతుంది.

ముందుగా తాగుడు సంగతి. వైద్యులు ఆ మాట ఊరికే రాయలేదు. అతిగా తాగేవారికి నరాలు దెబ్బతింటాయని అప్పటికే వైద్యశాస్త్రానికి తెలుసు. మాంచెస్టర్ ఆసుపత్రుల్లో ఇలాంటి కేసులు కొన్నేళ్లుగా ఉంటూనే ఉన్నాయి. రోగులందరూ తాగేవారే. మితంగానే తాగుతానని రోగి చెబితే వైద్యుడు నమ్మడు, తాగేవాడు తక్కువ చేసి చెప్పడం మామూలే కాబట్టి. అలా కొన్ని నెలలపాటు రోగి చెప్పిన నిజం కేసు కాగితాల్లోకి ఎక్కలేదు.

ఈ లెక్కలో పొసగని విషయం ఒకటుంది. విస్కీ, జిన్ లాంటి ఘాటు మద్యం తాగేవారికి ఈ జబ్బు రావడం లేదు. ఆల్కహాలే కారణమైతే ముందు పడిపోవలసింది వాళ్లు. పడిపోతున్నది చవక బీరు తాగే కూలీలు, వాళ్ల ఇళ్లలోని ఆడవాళ్లు. బీదల ఆసుపత్రి వైద్యుడొకరు ఈ తేడాను పట్టుకున్నాడు. అతను వేసిన ప్రశ్న చిన్నది: వీళ్లు ఎంత తాగుతున్నారని కాదు, ఏం తాగుతున్నారని. తాగుడు సిద్ధాంతం అక్కడే వీగిపోయింది.

రెండో అనుమానం బెరిబెరి. ఇది మనకు దగ్గరి జబ్బు. ఉత్తర సర్కారుల్లో బెరిబెరి గురించి మద్రాసు సైనిక వైద్యులు 1830లలోనే రాశారు. కాళ్ల వాపు, తిమ్మిర్లు, గుండె నీరసం, ఈ మూడూ రెండు జబ్బుల్లోనూ ఉన్నాయి. 1900 నాటికి బెరిబెరికి కారణం ఇదీ అని అందరూ ఒప్పుకున్నది ఏదీ లేదు. కాబట్టి ఆ పేరు తలుచుకున్న వైద్యులను తప్పుపట్టలేం. అయితే బెరిబెరిలో ఒళ్లు నల్లబడదు. అరచేతుల్లో, అరికాళ్లలో చర్మం మందమెక్కి గరుకుబారదు. మాంచెస్టర్ రోగుల్లో ఈ రెండూ ఉన్నాయి. పైగా వాళ్లు బియ్యం తిని బతికేవారు కారు.

బెరిబెరి కథ అక్కడితో ఆగలేదు, ఒక వింత మలుపు తిరిగింది. ఆర్సెనిక్ సంగతి బయటపడ్డాక కొందరు ప్రశ్నను తిరగేశారు. మాంచెస్టర్ జబ్బు బెరిబెరి కాకపోతే, అసలు బెరిబెరే ఆర్సెనిక్ విషం కావచ్చు కదా అన్నారు. అలా అన్నవారిలో మలేరియా క్రిమిని దోమ కడుపులో 1897లో సికింద్రాబాదులో చూపించిన వైద్యుడు ఒకరు. అప్పటికి ఆయన లివర్‌పూల్‌లో ఉన్నాడు. పెనాంగ్ నుంచి బెరిబెరి రోగుల వెంట్రుకలు తెప్పించి పరీక్షించాడు. కొన్నింటిలో ఆర్సెనిక్ దొరికింది కూడా. ఆ ఫలితం ఆ నాటి వైద్య పత్రికల్లో అచ్చయి ఉంది. దానికి విలువ లేదు. బెరిబెరి విషం వల్ల వచ్చేది కాదని, తవుడు పోయిన బియ్యంలో ఒక పోషకం కరువై వచ్చేదని తర్వాత రుజువైంది. ఆ పోషకమే బి1 విటమిన్. వెంట్రుకలో ఆర్సెనిక్ దొరికితే ఆ మనిషి శరీరంలోకి ఆర్సెనిక్ వెళ్లిందని మాత్రమే అర్థం. అతని జబ్బుకు అదే కారణమని చెప్పాలంటే వేరే ఆధారం కావాలి.

అసలు ఆనవాలు రోగుల చర్మం మీద ఉంది. ఆ ఏడాది సర్పి కేసులు మామూలుకంటే ఎక్కువగా వస్తున్నాయని, బీరు తేడాను పట్టుకున్న ఆ బీదల ఆసుపత్రి వైద్యుడే గమనించాడు. సర్పి అంటే నరం పోయిన దారి వెంట పొక్కులు లేచి మండే జబ్బు. ఆ రోజుల్లో ఆర్సెనిక్ ద్రావణాన్ని చర్మ వ్యాధులకూ జ్వరాలకూ మందుగా చుక్కల లెక్కన ఇచ్చేవారు. ఆ మందు వాడిన కొందరికి సర్పి లేస్తుందని లండన్‌లో ఒక వైద్యుడు అంతకు ముప్పై ఏళ్ల ముందే రాశాడు. నల్లబడిన ఒళ్లు, మందమెక్కిన అరికాళ్లు, సర్పి, నరాల వాపు. ఈ నాలుగింటికీ కలిపి అప్పటి వైద్యుడికి తెలిసిన కారణం ఒక్కటే. ఈ రోగులకు ఆ మందు ఎవరూ ఇవ్వలేదు. అయినా అది వాళ్ల ఒంట్లోకి చేరుతోంది. వాళ్లందరూ తీసుకుంటున్నది బీరు.

బీరును పరీక్షించడం తర్వాతి మెట్టు. అతను ఎంచుకున్న పద్ధతి 1841 నుంచీ వాడుకలో ఉన్నది. బీరులో హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి మరిగిస్తారు. తళతళలాడేలా తోమిన రాగి రేకు ముక్క అందులో వేస్తారు. ఆర్సెనిక్ ఉంటే రేకు ముందు బూడిద రంగుకు, తర్వాత నలుపుకు తిరుగుతుంది. ఆ మరకను బట్టి వెంటనే తీర్పు చెప్పకూడదు. యాంటిమొని, బిస్మత్, పాదరసం కూడా రాగి మీద పేరుకుంటాయి. అందుకే రేకును కడిగి, ఆరబెట్టి, సన్నని గాజు గొట్టంలో వేసి వేడిచేస్తారు. గొట్టం పైభాగంలో తెల్లని పొడి పట్టుకుంటుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే ఆ పొడి ఎనిమిది ముఖాల చిన్న స్ఫటికాలుగా కనబడాలి. కనబడితేనే అది పాషాణం. మాంచెస్టర్ బీరులో ఆ స్ఫటికాలు కనబడ్డాయి. స్థానిక కళాశాల నిపుణులు మళ్లీ పరీక్షించి అదే మాట చెప్పారు. 1900 నవంబరులో విషయం బయటికి వచ్చింది.

ఇక్కడ నేను చాలాసేపు ఆగిపోయాను. పరీక్షలో పోసిన ఆమ్లంలోనే ఆర్సెనిక్ ఉంటే? ఇది అతి తెలివి ప్రశ్న కాదు. ఆ రోజుల్లో హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని ఉప్పు మీద గంధకామ్లం పోసి తయారుచేసేవారు. గంధకామ్లంలో ఆర్సెనిక్ ఉంటే అది ఇందులోకీ దాటుతుంది. 1836 నాటి ఇంకో పరీక్ష ఇంతకంటే సున్నితమైనది. దానిలో జింకు మీద ఆమ్లం పోసి, వెలువడే వాయువును కాల్చి, గాజు మీద అద్దంలాంటి నల్లని పూత తెప్పిస్తారు. దానికీ ఇదే ఇబ్బంది. జింకులోనూ ఆర్సెనిక్ ఉండవచ్చు. అంటే నిర్దోషి బీరును దోషిగా చూపే వీలు పరీక్షలోనే ఉంది.

జవాబు ఆ నాటి రసాయన పత్రికల్లోనే దొరుకుతుంది. శ్రద్ధగల పరీక్షకుడు ముందు బీరు వేయకుండా, ఆమ్లాన్నీ లోహాన్నీ మాత్రమే పెట్టి పరీక్ష నడిపేవాడు. రేకు మారకపోతేనే, గాజు మసకబారకపోతేనే ఆ సరుకును పనికి తీసుకునేవాడు. 1901లో రసాయన పరిశ్రమవారూ ప్రభుత్వ విశ్లేషకులూ ఉమ్మడి సంఘంగా కూర్చుని ఈ జాగ్రత్తను పద్ధతిలో భాగం చేశారు. తెలిసిన మోతాదులతో గాజు పూతల వరుసను ముందే సిద్ధం చేసుకుని, పరీక్షలో వచ్చిన పూతను వాటి పక్కన పెట్టి పోల్చాలన్నారు. అప్పటి నుంచి ఆర్సెనిక్ ‘ఉందా లేదా’ అనడంతో సరిపోలేదు, ఎంత ఉందో చెప్పవలసి వచ్చింది. మాంచెస్టర్ ఫలితం ఈ గీటురాయికీ నిలబడింది.

బీరులో ఏ సరుకు వెంట అది వచ్చిందన్నది తర్వాతి ప్రశ్న. బీరు చేసేవాడు వాడేవి నీళ్లు, మాల్ట్, హాప్స్ పూలు, ఈస్ట్. హాప్స్‌కు గంధకం పొగ పడతారు, గంధకంలో ఆర్సెనిక్ ఉండే వీలుంది. కాబట్టి హాప్స్‌ను అనుమానించారు. ఇంతమందిని పడగొట్టే మోతాదు ఆ దారిన రాదు. మిగిలింది చక్కెర. 1880లో బ్రిటిష్ ప్రభుత్వం మాల్ట్ మీద పన్ను తీసేసి బీరు మీదకు మార్చింది. అప్పటి నుంచి మాల్ట్‌లో కొంత తగ్గించి గ్లూకోజు, విలోమ చక్కెర వాడుకోవడానికి బీరు తయారీదారులకు అడ్డు లేదు. చవక బీరులో ఆ వాటా ఉండేది. విషం ఉన్న బీర్ల ఆచూకీ తీస్తే, వాటి చక్కెర లివర్‌పూల్ దగ్గరి గార్‌స్టన్‌లో ఉన్న ఒకే కర్మాగారానిదని తేలింది. ఆ చక్కెరను పరీక్షిస్తే అందులో ఆర్సెనిక్ దండిగా ఉంది.

చక్కెరలోకి ఎలా వచ్చింది? గ్లూకోజు చేసే తీరు చూస్తే తెలిసిపోతుంది. పిండిపదార్థాన్ని నీళ్లు కలిపిన గంధకామ్లంలో ఉడికిస్తారు. పిండి విరిగి తీపి పాకమవుతుంది. తర్వాత సుద్ద వేసి ఆమ్లాన్ని చంపుతారు. ఆమ్లంలోని గంధకపు భాగం అడుగున మడ్డిగా దిగిపోతుంది, దాన్ని వడగట్టి తీసేస్తారు. ఆమ్లం వెంట వచ్చిన ఆర్సెనిక్ మడ్డితో పూర్తిగా పోదు, పాకంలో నిలిచిపోతుంది. చూడడానికి పాకం శుభ్రంగానే ఉంటుంది. రుచిలో తేడా ఉండదు.

గంధకామ్లం లీడ్స్ నగరంలోని ఒక రసాయన సంస్థ నుంచి వచ్చేది. ఒకప్పుడు ఈ ఆమ్లాన్ని సిసిలీ దీవి గంధకంతో చేసేవారు. దాని ధర పెరిగాక పైరైటు రాయిని కాల్చి చేయడం మామూలైంది. స్పెయిన్ నుంచి వచ్చే పైరైటులో ఆర్సెనిక్ ఉంటుంది. ఆహార పనికి వాడే ఆమ్లం నుంచి దాన్ని వేరే తీసేయాలి. చక్కెర కర్మాగారం అడిగింది కూడా వర్తకుల లెక్కలో ఆర్సెనిక్ లేని ఆమ్లాన్నే. ఏళ్ల తరబడి అదే వచ్చింది.

ఎప్పుడు మారింది? ఈ ఉదంతం మీద వచ్చిన కథనాల్లో ఈ తేదీ చాలావాటిలో ఉండదు. కోర్టు కాగితాల్లో ఉంది: 1900 మార్చి. అప్పటి నుంచి నవంబరు దాకా పంపిన సరుకులో ఆర్సెనిక్ తీయని ఆమ్లం ఉంది. ఆమ్లం చక్కెర కావాలి, చక్కెర బీరు తయారీ కేంద్రాలకు చేరాలి, బీరు పులిసి దుకాణాలకు పోవాలి, తాగినవాడి ఒంట్లో విషం పేరుకోవాలి. మార్చిలో మొదలైన సరుకుకు వేసవిలో రోగులు కనబడడం ఈ వరుసకు సరిగ్గా సరిపోతుంది. నవంబరులో ఆ బీరును వెనక్కి తీసుకోవడంతో ఉధృతి తగ్గింది.

కల్తీ పట్టే యంత్రాంగం అప్పటికి లేదా అంటే ఉంది. 1875 చట్టం కింద ప్రభుత్వ విశ్లేషకులు ఉన్నారు. ఇన్‌స్పెక్టరు సరుకు కొని, దాన్ని మూడు భాగాలు చేసి, ఒకటి అమ్మినవాడికి, ఒకటి విశ్లేషకుడికి ఇచ్చి, మూడోది దగ్గర ఉంచుకునేవాడు. మద్రాసు రాష్ట్రానికి ఆహార కల్తీ నిరోధక చట్టం 1918లో గానీ రాలేదు. ఇంగ్లండ్ ఆ విషయంలో నాలుగు దశాబ్దాలు ముందుంది. విశ్లేషకులు పాలలో నీళ్లు వెతికారు, బీరులో ఉప్పు వెతికారు. అమ్మేవాడికి లాభం తెచ్చే కలుపులు అవి. ఆర్సెనిక్ కలిపితే ఎవరికీ లాభం లేదు, కాబట్టి దాన్ని ఎవరూ వెతకలేదు. ఆ నాటి విశ్లేషణ పట్టికలో దానికి గడి ఉండేది కాదు.

ఎవరు చేశారన్న ప్రశ్న సహజంగా వస్తుంది. కాగితాలు చెప్పేది ఇంతే. ఆమ్లం దేనికి వాడతారో తమకు తెలియదని, ఎవరూ చెప్పలేదని రసాయన సంస్థ అంది. తాము చెప్పలేదన్నది చక్కెర సంస్థ కూడా కాదనలేదు. వచ్చిన ఆమ్లాన్ని చక్కెర సంస్థ పరీక్షించలేదు. వచ్చిన చక్కెరను బీరు తయారీదారులు పరీక్షించలేదు. మార్చిలో ఆమ్లం ఎందుకు మారిందన్నదానికి దురాశ అనో నిర్లక్ష్యం అనో పేరు పెట్టడం సులువు. దొరికిన కాగితాల్లో ఆ పేరుకు ఆధారం లేదు కనుక ఇక్కడ పెట్టడం లేదు.

చక్కెర సంస్థ రసాయన సంస్థ మీద దావా వేసింది. 1904లో తీర్పు వచ్చింది. అడిగిన రకం సరుకు ఇవ్వలేదు కాబట్టి ఒప్పందం తప్పినట్టేనని కోర్టు ఒప్పుకుంది. ఆమ్లం ఖరీదు, దాన్ని వాడి పాడైన సరుకు విలువ ఇప్పించింది. బీరు తయారీదారులకు చక్కెర సంస్థ కట్టవలసిన నష్టపరిహారాన్ని మాత్రం ఇప్పించలేదు, పోయిన వ్యాపార ప్రతిష్ఠకూ ఇప్పించలేదు. ఆమ్లాన్ని ఆహారంలో వాడతారని అమ్మినవాడికి తెలియదన్నదే కారణం. సరుకుల అమ్మకం చట్టం చదివే విద్యార్థులకు ఈ తీర్పు తెలిసే ఉంటుంది. చచ్చిపోయినవారి ప్రస్తావన ఆ దావాలో రాదు, అది ఇద్దరు వర్తకుల మధ్య తగాదా.

సాధారణంగా కథ ఇక్కడ ముగించేస్తారు. నాకు ఇంకో రెండు విషయాలు కుదరలేదు. గార్‌స్టన్ చక్కెర అసలు వాడని కొన్ని బీర్లలోనూ తక్కువ మోతాదులో ఆర్సెనిక్ దొరికింది. మాంచెస్టర్ ఆసుపత్రుల్లో నరాల వాపు కేసులు 1900కు ముందు ఏళ్లలోనూ ఉన్నాయని మొదటే చెప్పాను. ఆమ్లం మారింది 1900 మార్చిలో. అంతకు ముందు ఏళ్ల రోగులకు ఆ ఆమ్లం కారణం కాలేదు.

రెండో దారి మాల్ట్. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, కొలిమి మీది జల్లెడ నేల మీద పరిచి ఆరబెడతారు. కింద మంట, ఆ పొగ గింజల మధ్య నుంచి నేరుగా పైకి పోతుంది. బొగ్గులోనూ పైరైటు ఉంటుంది, అందులోనూ ఆర్సెనిక్ ఉంటుంది. గ్యాస్ ఫ్యాక్టరీల్లో మిగిలే కోక్ బొగ్గు వాడితే ఎక్కువ, వేల్స్ ఆంథ్రసైట్ వాడితే తక్కువ. ఇది ఊహ అనుకోవడానికి లేదు. 1902 ఆరంభంలో యార్క్‌షైర్‌లోని హాలిఫాక్స్‌లో మళ్లీ ఇవే లక్షణాలతో రోగులు వచ్చారు. ఈసారి గార్‌స్టన్ చక్కెర ఎక్కడా లేదు. ఆచూకీ తీస్తే కోక్ మంట మీద ఆరిన మాల్ట్ దగ్గర ఆగింది.

అందుకే కమిషన్ తుది నివేదిక చక్కెర ఒక్కదాని మీద తీర్పు చెప్పి ఊరుకోలేదు. ఏ దారిన వచ్చినా సరే, ద్రవాహారంలో గ్యాలనుకు గ్రెయినులో నూరో వంతు, ఘనాహారంలో పౌనుకు గ్రెయినులో నూరో వంతు దాటకూడదని హద్దు పెట్టింది. మన లెక్కలో ద్రవాలకు లీటరుకు సుమారు 0.14 మిల్లీగ్రాములు, ఘనపదార్థాలకు కిలోకు సుమారు 1.4 మిల్లీగ్రాములు. నేడు ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటికి సూచించే హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాము. ఆ నాడు బీరుకు పెట్టిన హద్దు దీనికి పద్నాలుగు రెట్లు.

మాల్ట్ దారిని ఒప్పుకుంటే పాత కాగితాలను మళ్లీ చదవవలసి వస్తుంది. కోక్ మంటలు 1900లో మొదలు కాలేదు. మాంచెస్టర్‌లో ముందు ఏళ్లలో కనబడిన నరాల వాపులో కొంత భాగం ఆర్సెనిక్ వల్లే కావచ్చన్న అనుమానాన్ని కమిషన్ కూడా తోసిపుచ్చలేదు. ఒళ్లు నల్లబడిందా, సర్పి లేచిందా అని ఆ పాత కేసుల్లో ఎవరూ చూసి రాయలేదు. రాసింది తాగుడు అనే. 70 మంది మృతులన్నది జబ్బు అసలు పేరు తెలిశాక కట్టిన లెక్క. మాంచెస్టర్ రికార్డుల్లో 1900కు ముందు ‘తాగుడు వల్ల నరాల వాపు’ అని ఉన్న కేసులను ఆ పేరుతోనే లెక్కలోకి తీసుకోవడం ఇక చెల్లదు.